మేస్త్రి తోడల్లుడు

"ఈ మంచాన్ని నిలువునా కోసి రెండు చెయ్యాలి మేస్త్రీ" అన్నాడు బస్సు డ్రైవరు.

వడ్రంగి మేస్త్రి మంచం చుట్టూ ఒకసారి తిరిగాడు. మోకాళ్ల మీద కూర్చుని పట్టెను వేలితో కొట్టి చూశాడు.

"చేవ కర్ర. ఇరవై ఏళ్లయినా కిర్రుమనలేదు. దీన్ని కోస్తే నాకు పాపం తగులుతుందన్నా. ఎందుకంట?"

"మీ వదినకి నడుంనొప్పి. నేనటు దొర్లితే తనకిటు నిద్ర పట్టదు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఆగి, ముందుకన్నా గట్టిగా మొదలైంది.

మేస్త్రి నవ్వాడు. "మంచం కోయించేవాళ్లు రెండే రకాలన్నా. ఆస్తి పంచుకునే అన్నదమ్ములు, మాట పంచుకోలేని ఆలుమగలు. నీకు చూస్తే అన్నదమ్ములు లేరు."

డ్రైవరు కిటికీ వైపు తిరిగాడు.

ఏడాదిన్నరగా పక్కలో ఒళ్లు మాట వినడం లేదు. మొదట అలసట అనుకున్నాడు. రోజుకి పది గంటలు స్టీరింగు పట్టుకుంటే ఎవడికైనా ఇంతే అనుకున్నాడు. తరవాత వయసు అనుకున్నాడు. నలభై ఏడు కూడా ఒక వయసేనా అని మళ్లీ తనే అనుకున్నాడు. పేపర్లో ప్రకటన చూసి తెప్పించిన పొడి డబ్బాలకి డబ్బాలు మింగాడు. కడుపు చెడింది, ఇంకేమీ బాగుపడలేదు. చివరికి పెళ్లాం ఇటు తిరిగి పడుకున్నా గుండె దడే.

ఆవిడ ఇన్నాళ్లూ ఏమీ అనలేదు. మొన్న మాత్రం ఒక్క మాట అడిగింది. "ఇంకెవరన్నా ఉన్నారా?"

లేరని చెప్పాలంటే అసలు సంగతి చెప్పాలి. అది నోట రాక మేస్త్రికి ఫోన్ చేశాడు.

మేస్త్రి రంపం ఒళ్లో పెట్టుకుని, గొంతు తగ్గించాడు.

"మా తోడల్లుడికీ ఇదే వచ్చింది."

"ఏది?"

"నడుంనొప్పే."

ఇద్దరూ నవ్వలేదు.

"వాడూ నీలాగే దాచాడు. తెల్లారి లేస్తే ఒంట్లో దానంతటదే రావాల్సిన కదలిక కూడా పోయింది. ఆ ఉక్రోషమంతా పెళ్లాం మీద చూపించాడు. మంచం కోసుకున్నాడు. ఆఖరికి పెద్దాసుపత్రికి వెళ్లాడు. కుడిచేతి వైపు చివరి గది. తలుపేస్తే లోపలి మాట బయటికి రాదు, ఆ భయం లేదు. ఆ డాక్టరు నవ్వడు. ఎప్పుడో ఒకసారి పట్టు తప్పితే అది లెక్క కాదంటాడు. మూణ్ణెల్లు వరసగా ఇలాగే ఉంటే మాత్రం ఆగొద్దంటాడు. షుగరు చూస్తాడు, బీపీ చూస్తాడు, ఏం మందులు వాడుతున్నావ్, సిగరెట్లెన్ని అని అడుగుతాడు. అక్కడి రక్తనాళాలు సన్నం కదా, పూడిక ముందు అక్కడ తెలుస్తుందంట. గుండె వంతు తరవాత."

"మరి ఇప్పుడు?"

"వాడికేం! నాలుగుసార్లు వెళ్లాడు, మందులేసుకున్నాడు. కోసిన మంచం మళ్లీ నేనే ఒకటి చేశాను."

డ్రైవరు మంచం మీది బొంత లాగి మడతపెట్టాడు.

"సరేలే, కొయ్యి" అన్నాడు.

మేస్త్రి కోశాడు. చేవ కర్ర కదా, ఓ పట్టాన తెగలేదు. మధ్యలో రెండుసార్లు ఆగి ఛాతీ రుద్దుకున్నాడు. ముక్కులోకి పొట్టు పోతోందన్నాడు. కొత్తగా నాలుగు కోళ్లు బిగించి, మంచాలు రెండింటినీ చెరో గోడకి చేర్చి వెళ్లిపోయాడు.

నాలుగు నెలలు అలాగే గడిచాయి. ఐదో నెలలో డ్రైవరు పెళ్లాం బట్టలు సర్దుకుంది. "అమ్మ దగ్గర కొన్నాళ్లుంటా" అంది. ఎన్నాళ్లో చెప్పలేదు.

మర్నాడు డ్రైవరు సెలవు పెట్టి పెద్దాసుపత్రికి వెళ్లాడు. చివరి గది ముందు రెండుసార్లు వెనక్కి తిరిగాడు. మేస్త్రి తోడల్లుడు కూడా ఈ కుర్చీలోనే కూర్చుని ఉంటాడు కదా అనుకున్నాకే నోరు పెగిలింది.

డాక్టరు నవ్వలేదు. షుగరు మూడువందల ఎనభై ఉంది.

"మునుపటిలా అవుతుందని మాటివ్వను. ఏడాది ముందొస్తే వేరే సంగతి. గుండె దాకా పోకముందే వచ్చావు, అదే గొప్ప" అన్నాడు.

ఆ కాగితాలు తీసుకెళ్లి అత్తగారింట్లో పెళ్లాం చేతిలో పెట్టాడు. ఆవిడ రెండుసార్లు చదివింది.

"ఇదా? ఇది చెప్పలేకా నన్నిన్నాళ్లూ గోడకేసి పడుకోబెట్టావ్?"

వస్తాననలేదు. రాననీ అనలేదు. "ముందు ఆ మంచం సంగతి చూడు" అని మాత్రం అంది.

మేస్త్రికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. డ్రైవరు ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. వాకిట్లో రంపాలూ ఉలులూ గోనెసంచిలో మూట కట్టి ఉన్నాయి. గడప దగ్గర మేస్త్రి భార్య కూర్చుని ఉంది. ఆవిడ వెనక గదిలో, నిలువునా కోసిన మంచం రెండు సగాలూ చెరో గోడకి ఉన్నాయి.

"పదకొండు రోజులైందన్నయ్యా. నిచ్చెన మీదే గుండె పట్టుకున్నాడంట. కిందికి దించేసరికే అయిపోయింది."

డ్రైవరు ఆవిడకి ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాడు.

"మాయదారి మొండి మనిషి" అంది ఆవిడ. "ఆ పెద్దాసుపత్రిలో తలుపులన్నీ ఈయన బిగించినవే. డాక్టర్ల గదుల్లో అల్మరాలు చేస్తూ నెల్లాళ్లు అక్కడే ఉన్నాడు. ఎలాగూ వెళ్తున్నావు, నువ్వూ ఓసారి చూపించుకో అంటే మీదపడి కరిచేవాడు. నాకేం రోగమే అని."

ఏదో ఒక మంచి మాట చెప్పాలనిపించింది డ్రైవరుకి.

"ఆయన చలవ వల్లే నేను బతికి బయటపడ్డానమ్మా. తోడల్లుడికి నయమైన సంగతి చెప్పి నాకు దారి చూపించాడు. ఆ తోడల్లుడెక్కడుంటారో చెబితే ఒకసారి కలిసి, దణ్ణం పెట్టి వస్తాను."

ఆవిడ కళ్లు తుడుచుకుంటున్నదల్లా ఆగి, అర్థం కానట్టు చూసింది.

"ఈయనకి తోడల్లుడెక్కణ్ణించి వస్తాడన్నయ్యా, మా అమ్మకి నేనొక్కదాన్నే కదా!"