పిలవని వెట్టి

చెన్నూరు పక్క ఊరి పటేలు మల్లారెడ్డి గుమ్మడితోటకు దిష్టి తీయించాడు, నడుమ పాతచెప్పు వేలాడదీయించాడు. అయినా పిందెలు పండుబారి రాలుతూనే ఉన్నాయి.

“ఎవని కన్ను పడ్డదే భూమవ్వా?” అని తోటపని చేసే ముసలమ్మను నిలదీశాడు.

“ఎవని కన్నో ఎందుకు పటేలా? మొన్న ఒక్క తేనెటీగ నీ బట్టతల మీద కుట్టిందని చింతచెట్టు మీది తుట్టెలన్నీ కాలవెట్టిస్తివి. ఇగ మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు ఎవలు మోస్తరు?”

“వెట్టికి పదిమందిని పిలిపిస్త!”

“వెట్టి బందై ఏండ్లాయె. ఇన్నొద్దులు నువ్వు పిలువకున్నా వచ్చి వెట్టి చేసింది గా ఈగలే. వాటినే కాలవెడితివి.”

పటేలు మీసం వాలింది. “మరెట్లనే?”

“మగపువ్వు తెంపు, వంగు, ఒక్కో ఆడపువ్వుకు రుద్దు. ఎండెక్కితే పువ్వులు ముడుసుకుంటయి.”

ఎవరి ముందూ వంగని పటేలు పువ్వు ముందు వంగాడు. ఇరవయ్యో పువ్వు దగ్గర నడుము పట్టేసింది. తలెత్తి చూస్తే ఇంకా రెండెకరాల నిండా పువ్వులే. తలపాగా తీసి చెమట తుడుచుకున్నాడు.

ఎక్కడినుంచో ఒక తేనెటీగ వచ్చి ఆ బట్టతల మీదే వాలింది. భూమవ్వ కొంగు విసరబోయింది.

“కొట్టకే!” పటేలు కదలకుండా గొణిగాడు. “కుడితే కుట్టనియ్యి. తోట ఇడిసి పోకుంటె చాలు.”