గోడ బయట ఆకు

“నా కొడుకు పేరు ఈ మంచె దగ్గర ఎత్తావంటే నాలుక కోస్తాను,” అంది చువన్.

కోడలు ఉబోన్ పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. గుడి నిండా జనం. పదో నెల పండగ. చచ్చిపోయినవాళ్లు ఆకలితో వచ్చే రోజు. ద్వీపంలో ప్రతి ఇల్లూ తమ వాళ్లకు ఇష్టమైనవి వెదురు మంచె మీద పెట్టి, పేరు పెట్టి పిలుస్తుంది. బతికున్నవాణ్ని పిలిస్తే వాడి ఆయుష్షు కూడా అక్కడ పెట్టేసినట్టే.

“ఆయన వెళ్లాక మూడో పండగ అత్తా ఇది. ఒక్క ఫోను లేదు. నన్ను మరిచిపోయినా నిన్ను మరిచిపోతాడా? ఏ ఆకలితో తిరుగుతున్నాడోనని నాకు ముద్ద దిగట్లేదు.”

“పెనాంగులో ఎవత్తితోనో కులుకుతున్నాడు. తిట్టుకో, నేనూ తిడతా. చంపకు. తమ్ముడు కళ్లారా చూశాడు కదా. ఏరా క్లా?”

అరటి గెల మోసుకొస్తున్న చిన్నకొడుకు క్లా దాన్ని మెల్లగా కింద పెట్టాడు.

“అవును వదినా. పడవలో నాతో గొడవపడి పెనాంగు రేవులో దిగిపోయాడు. ఒకామె వచ్చి తీసుకెళ్లింది. బతికున్న మనిషికి పిండం పెట్టకు.”

ఉబోన్ పళ్లెం వెనక్కి తీసుకుంది. అత్తా మరిదీ ఒక్కటైతే ఇంకెవరికి మొరపెట్టుకుంటుంది? చువన్‌కు ఆ ముఖం చూసి జాలేసింది.

“నాకు మాత్రం బెంగ లేదనుకున్నావా? పొద్దున కొబ్బరిపాలూ బెల్లమూ కాచి కలమే మిఠాయి చేశానా? సనిత్ ఉంటే బాణలి అడుగు మాడంతా గీకి తినేవాడు. చేదని ఇంట్లో ఇంకెవరం ముట్టం. అలవాటు కొద్దీ కడక్కుండా ఉంచాను. మన కోతి నాకేసినట్టుంది, తళతళలాడుతోంది.”

“కొబ్బరికాయలు కోయమంటే మాత్రం బద్ధకం దానికి,” అంది ఉబోన్, కళ్లు తుడుచుకుంటూ.

భిక్షువుల మంత్రాలు ఆగాయి. పిల్లలూ పెద్దలూ మంచె మీద పడ్డారు. ప్రేతాలు తిని వదిలింది తింటే మంచిదని తోసుకుంటూ, నవ్వుకుంటూ లాక్కుంటున్నారు. వాళ్లందరికీ పిలుచుకోవడానికి ఎవరో ఒకరున్నారు.

చువన్ ఒక అరిటాకులో అన్నం, చేప కూర, కొంచెం కలమే సర్దుకుని వెనక వాకిలి వైపు నడిచింది. ఏటా చేసే పనే. ఎవరూ పేరు పెట్టి పిలవని ప్రేతాలు గుడిలోకి రాలేవు. గోడ బయటే కాచుకుని ఉంటాయి. ఏ తల్లి కన్న బిడ్డలోనని ఆమె వాటికోసం ఒక ఆకు పెడుతుంది.

గోడ బయట అప్పటికే ఒక ఆకు ఉంది. దాని ముందు క్లా గొంతుక్కూర్చుని, ఇటు వీపు పెట్టి, అగరొత్తులు గుచ్చుతున్నాడు.

“కడుపు నిండా తిను. నీకిష్టమైందే తెచ్చాను. ఇక నా కల్లోకి రాకు,” అంటున్నాడు.

అడుగుల చప్పుడుకు ఉలిక్కిపడి లేచాడు.

“దిక్కులేని వాళ్లకమ్మా,” అన్నాడు, ఆమె ఏమీ అడక్కముందే.

చువన్ ఆకు వైపు చూసింది. అందులో అన్నం లేదు, కూర లేదు. నల్లగా మాడిన కలమే చెక్కు, గీకిన గీతలతో సహా. ఆమె వంగి, తన ఆకును దాని పక్కన పెట్టింది. 

“అమ్మా...” అన్నాడు క్లా.

ఆమె వాడి వైపు చూడలేదు. గోడ మీదుగా లోపలికి కేకేసింది.

“ఉబోన్, ఆ పళ్లెం తీసుకుని రామ్మా. నీ మొగుడి పేరు నువ్వు చెప్పు. చంపినవాడి పేరు నేను చెబుతాను.”