నా ఫోటో ఉన్న తాళం

మిక్సర్ స్విచ్‌కి వేలాడుతున్న తాళం మీద నా ఫోటోయే ఇకిలిస్తోంది.

రంగులు కలిపే ఆ పెద్ద మిక్సర్‌లోకి కడగడానికి దిగేవాళ్ళు ఎవరి తాళం వాళ్ళు స్విచ్‌కి వేసుకుని, తాళంచెవి జేబులో పెట్టుకుని దిగాలి. తాళం ఉన్నంతసేపూ మిషన్ తిరగదు. తాళంచెవి పోతే తాళం కోసే అధికారం ఇంజినీరుకే.

"ఏమ్మా ఇంజినీరూ! డిగ్రీ చేతికొచ్చి పూట గడవలేదు, అప్పుడే మతిమరుపా?" అన్నాడు మేనేజరు. అందరూ నవ్వారు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఇక్కడే అప్రెంటిస్‌గా పని చేస్తూ, వారానికో రోజు కాలేజీకి వెళ్తూ సంపాదించిన డిగ్రీ. పొద్దున్నే కొత్త బ్యాడ్జీ తీసుకుని, పాత పనిసంచి విప్పి కూడా చూడకుండా స్టోర్‌లో ఇచ్చేశాను. తాళం నిన్న ఇక్కడే మరిచిపోయుంటాను, తాళంచెవి ఎక్కడ పడేశానో.

కట్టర్‌తో కోసేశాను. ఇంజినీరుగా నా మొదటి పని.

"ఇక స్విచ్ వెయ్యి."

అలవాటు కొద్దీ మిక్సర్ డొక్క మీద పిడికిలితో కొట్టాను. నాకు పని నేర్పిన మేస్త్రీ పెట్టిన అలవాటు.

"తాళం నీది, నువ్వేమో బయటున్నావు. లోపలున్నది నీ దెయ్యమా?" అంటూ మేనేజరు తనే స్విచ్ మీద చెయ్యి వేశాడు.

లోపల్నుంచి ఎవరో తిరిగి కొట్టారు.

పొద్దున స్టోర్ ఆయన నా సంచి అందుకుంటూ అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది: "సమయానికిచ్చావమ్మా. కొత్త అప్రెంటిస్ పిల్ల ఇవాళే చేరింది, ఇది తనకిచ్చేస్తా. తాళం మీద ఫోటో రేపు మారుస్తాలే."