పైపు కన్నం

ఏసీ వేసినా గది చల్లబడట్లేదని ఆ ఇంటావిడ మళ్ళీ కబురు పెట్టేసరికి మెకానిక్‌కి ఒళ్ళు మండింది. చీకటిపడ్డాక వచ్చి, నిచ్చెనెక్కి, పాత మిషన్ ఊడదీశాడు. కొత్తది రేపు బిగించొచ్చు. అప్పటిదాకా పురుగూ పుట్రా రాకుండా గోడలోని పైపు కన్నంలో పుట్టీ ముద్ద కూరాడు. అది మెల్లగా వెనక్కి వచ్చి కింద పడింది.

"దీని దుంప తెగ," అని గొణుక్కుంటూ మళ్ళీ కూరాడు. మళ్ళీ వచ్చింది. ఈసారి అరచేత్తో గట్టిగా అదిమి పట్టాడు. అవతల నుంచి కూడా ఎవరో అదుముతున్నారు.

"అమ్మా, బయట మీవాళ్ళెవరైనా ఉంటే ఆటలు ఆపమనండి," అన్నాడు విసుగ్గా.

"బయటెవరుంటారు బాబూ? ఇది అయిదో అంతస్తు. ఆ వైపు బాల్కనీ కూడా లేదు," అందావిడ.

చెయ్యి తీస్తే ఏం లోపలికొస్తుందోనని నిచ్చెన మీద అలాగే నిలబడిపోయాడు.