చూడని గిట్ట

పిల్లలూ, ఈ కథ మీకింతవరకూ ఎవరూ చెప్పి ఉండరు. ఒక అడవిలో ఎలుగు వైద్యుడు రోగి నోటి వాసన మాత్రమే చూసి జబ్బేమిటో చెప్పేవాడు. వంద అడవుల జబ్బుల గురించి విని గుర్తుపెట్టుకున్న గోరువంక ఒకటి ఆయన గుమ్మం మీద ఉండేది.

ఒకనాడు ఒక జింక, జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న తన పిల్లను తెచ్చింది. ఎలుగు వాసన చూసి, "అజీర్ణం" అన్నాడు.

"గిట్టల కింద కూడా చూడు మామా. నా మాట తప్పే కావచ్చు, చూస్తే పోయేదేముంది?" అంది గోరువంక.

"కబుర్లు మోసేదానివి, నాకే వైద్యం నేర్పుతావా?" అని ఎలుగు నవ్వాడు. ఆయన మీది నమ్మకంతో జింకా నవ్వింది.

మూడోనాడు పిల్ల చనిపోయింది. అప్పుడు ఎలుగు గిట్ట తిప్పి చూశాడు. చీము పట్టిన ముల్లు కనిపించింది.

ఇప్పుడాయన వాసన చూశాక, "ఇంకేం చూడమంటావమ్మా?" అని గోరువంకను అడుగుతాడు. జింక మాత్రం ఆ దారిన రాదు.

ఈ కథ మీ చెల్లెళ్లకూ తమ్ముళ్లకూ చెప్పండి. జింక నవ్విన సంగతి మాత్రం వదిలెయ్యకండి.