బొందల మీద చీటీలు

ఊరి శ్మశానం మూలలో, తన బిడ్డ మెర్సీ బొంద మీది రాయికి ఎవరో అమ్మాయి చీటీ అతికించబోతుంటే మారెమ్మ పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఎవలు బిడ్డా నువ్వు?"

"యూనివర్సిటీ నుంచి వచ్చిన అవ్వా. మల్లిక నా పేరు. గీ బొందలగడ్డంత కంప్యూటర్ల ఎక్కిస్తున్నం. ఎవలి రాయి ఏడుందో గట్లనే దాచిపెడ్తం."

పక్కనే మూడుకాళ్ల మీద ఏదో యంత్రం. రాళ్లన్నిటికీ నలుపు తెలుపు గళ్ల చీటీలు.

మారెమ్మ ఆ యంత్రాన్ని ఎగాదిగా చూసింది.

నిరుడు తమ మెట్టచేను చెలకలోనూ ఇలాంటి యంత్రమే పెట్టారు. హద్దురాళ్లకు ఎర్రరంగు పూశారు. ఉత్త సర్వేనే అన్నారు. ఎండలు ముదిరేసరికి చెలక సిమెంటు కంపెనీ గనిలో కలిసింది.

"చీటీలెందుకు?"

"ఫొటోలు ఒకదానికొకటి కలుపుటానికి. పనైనంక పీకేస్త."

"మునుపొచ్చినోళ్లు గూడ గిట్లనే మెత్తగ మాట్లాడిండ్రు."

"గీ రాయి ఎవలిది అవ్వా?"

మారెమ్మ చెప్పలేదు. పేరు చెబితే రాసుకుంటారు. రాసుకుపోయింది ఏదీ మిగల్లేదు.

మల్లిక అటు తిరగగానే ఆ చిన్న నాపరాయిని ఊపి పెకిలించి, కొంగులో చుట్టి ఇంటికి తెచ్చింది. చిన్నప్పుడే జ్వరంతో పోయిన బిడ్డకు మిగిలిన గుర్తు అదొక్కటే.

"రాయి లేకుంటే వాళ్ల లెక్కల రాదు" అంది.

"మంచిపని చేసినవ్. తలుపెయ్యి" అన్నాడు మొగుడు కృష్ణయ్య.

సాయంత్రం ఫొటోల పని ముగిసేసరికి ఊరోళ్లు మల్లికను ఆటో ఎక్కించి తరిమేశారు.

వానలు పోయాక హుజూర్‌నగర్ నుంచి సర్వేయర్ దినేశ్ వచ్చి కంచెకు గుంతలు తీయించాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి. బొందలున్న జాగల కంపెనీ అడుగు పెట్టొద్దని ఆర్డరొచ్చింది."

ఫోన్లో బొందలగడ్డ బొమ్మ చూపించాడు. చీటీ అంటించిన ప్రతి రాయీ ఉంది, పగుళ్లతో సహా.

గుంతలు మూలకు ఇవతలే ఆగిపోయాయి.

"సారూ, గా మూలకు నా బిడ్డున్నది."

"బొమ్మల గాడ రాయి లేదు అవ్వా. అది కంపెనీకే పోయింది."

"రాయి నా ఇంట్లున్నది. ఇప్పుడే తెస్త."

"ఇప్పుడు పెడితే కొత్తగ పాతిండ్రంటరు."

"గా పిల్లను పిలువుండ్రి సారూ, ఆమె చూసింది" అన్నాడు కృష్ణయ్య.

"ఆఫీసుల చుట్టు తిరిగి గీ ఆర్డరు తెచ్చిందే ఆమె. గాడ ఒక రాయి ఉండె అని మస్తు కొట్లాడింది. ఫొటో ఏదన్నరు."

మారెమ్మ మూల వైపే చూస్తోంది.

"మేం తరిమినం గద సారూ. మాకోసం గంతెందుకు తిరిగింది?"

దినేశ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"వాళ్లమ్మను పెట్టిన బొందలగడ్డ గూడ గిట్లనే గనిల కలిసిందంట."