తెల్లదే కావాలి

ఆవిడ అట్టపెట్టెని ధన్‌మని కౌంటర్ మీద పడేసింది. లోపలున్న కుందేలు ఒక మూల నుంచి ఇంకో మూలకి జారిపోయింది.

"తెల్లదని నాకు అంటగట్టింది ఇదేనా? చూడండి దీని మొహం!"

కుందేళ్ల షాపు యజమాని కళ్లజోడు సవరించుకుని పెట్టెలోకి తొంగిచూశాడు. ఒళ్లంతా తెల్లగానే ఉంది. ముక్కు, చెవులు, నాలుగు పాదాలు మాత్రం బొగ్గుల్లో దొర్లి వచ్చినట్టున్నాయి.

"పోయిన చలికాలం ఇచ్చిందీ ఇంతే," అంది ఆవిడ. "ముద్దొచ్చి దానికేదో పేరు కూడా పెట్టుకున్నాను. మూడు నెలలు తిరక్కుండానే మసిమూతి వేసుకుని కూర్చుంది. తెచ్చి మీ మొహాన కొట్టి వెళ్లాను. ఇప్పుడిది రెండోది. నేనేమైనా పిచ్చిదానిలా కనిపిస్తున్నానా?"

"అయ్యో, అంత మాటెందుకు మేడమ్..."

"రేపు మా తోడికోడలు వస్తోంది. దానింట్లో గోధుమరంగుది ఒకటుంది, కోతిపిల్లలా. మా ఇంట్లో పాలనురుగులాంటిది ఉందని ఊరంతా చెప్పుకున్నాను. తెల్ల సోఫా, తెల్ల కర్టెన్లు, మధ్యలో ఇదా? అంట్లు తోమే పీచులా!"

వెనకాల ఒక ముసలామె ముల్లంగి ఆకులు తుంచి బోనుల్లో వేస్తోంది. కుందేళ్ల తిండీ, శుభ్రమూ అన్నీ ఆమే చూస్తుంది. ఆకులవ్వ అంటారు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు.

"ఈ జాతి అంతేనమ్మా," అంది తలెత్తకుండా. "చలి తగిలితే కొసలు నల్లబడతాయి. వెచ్చగా ఉంచితే కొత్త బొచ్చు తెల్లగానే వస్తుంది. ఇంట్లో ఏసీ ఎంతలో పెడతారు?"

"పద్దెనిమిది. కుందేలు కోసం నన్ను ఉక్కపోతలో చావమంటావా?"

ఆకులవ్వ ఇంకో ఆకు తుంచి బోనులో వేసింది. ఆవిడ ఆమె గోళ్ల సందుల్లో మట్టిని చూసి, తన బ్యాగుని దగ్గరికి లాక్కుంది. తర్వాత బోనుల వరస వెంట నడిచింది.

"బూడిదరంగు. ఛీ. ఇది నలుపు, చీకట్లో తొక్కేస్తాం. ఇదేంటి, మచ్చలా? ఎవరో టీ ఒలకబోసినట్టుంది. వీటిని కూడా కొంటారా జనం?"

"తక్కువే మేడమ్," అన్నాడు యజమాని. "తెల్లవి పొద్దున వస్తే సాయంత్రానికి ఉండవు. ఆ బూడిదది వచ్చి ఏడు నెలలైంది."

"ఏడు నెలలా? నేను ఊరికే ఇచ్చినా తీసుకోను."

బూడిదరంగు కుందేలు ఆకు నములుతూ ఆవిడనే చూసింది. దానికేం పట్టినట్టు లేదు.

ఆవిడ వెనక గది పరదా పక్కకి లాగింది. అక్కడ గోడకి అవతల బేకరీ పొయ్యి. గది గోరువెచ్చగా ఉంది. గోడకి ఆనించిన చిన్న బోనులో ఒక కుందేలు, చెవి కొసల దాకా తెలుపే.

"అదిగో! దాచిపెట్టారన్నమాట!"

ఆకులవ్వ ఆకుల బుట్ట అక్కడే వదిలేసి గబగబా వచ్చి బోనుకి అడ్డం నిలబడింది.

"అది అమ్మేది కాదమ్మా."

"అవ్వా!" యజమాని కసిరాడు. "అమ్మకుండా ఏం చేస్తాం? అదేమైనా నీ మనవరాలా?"

"ఒకసారి ఒక ఇంటికి వెళ్లి తిరిగొచ్చింది. వారం రోజులు ఆకు ముట్టలేదు. ఇంకోసారి తీసుకెళ్లి తెచ్చి పడేస్తే ఇది బతకదు. మళ్లీ ఆ వారం నేను చూడలేను."

ఆవిడ ఫక్కున నవ్వింది. "ఇంత అందాన్ని ఎవరమ్మా వదులుకుంది? కళ్లున్నాయా వాళ్లకి? గతిలేనివాళ్లంతా కుందేళ్లు పెంచితే ఇలాగే ఉంటుంది. జరుగు."

ఆకులవ్వ జరగలేదు. కాసేపు ఆవిడ వంక చూసింది, కాసేపు బోను వంక చూసింది.

"సరే. అది నా దగ్గరికి తప్ప ఎవరి దగ్గరికీ రాదు. దానంతటది మీ చేతి దగ్గరికి వస్తే తీసుకెళ్లండి. రాకపోతే మళ్లీ అడగొద్దు."

ఆవిడ పెదవి విరిచి బోనులో చెయ్యి పెట్టింది. కుందేలు మూలకి ముడుచుకుంది. తర్వాత దాని చెవులు లేచాయి. ముక్కు గబగబా కదిలింది. ఒక్కో అడుగే వేస్తూ వచ్చి, ఆవిడ గడియారానికి గడ్డం రాసి, మణికట్టు కింద తల దూర్చి అలాగే కూర్చుండిపోయింది.

"చూశావా! రంగున్నదానికి బుద్ధి కూడా ఉంటుంది. మనిషి స్థాయి వాసనతోనే పట్టేసింది!"

ఆకులవ్వ మొహం మాడిపోయింది. మాట ఇచ్చేసింది, ఇంకేం చేస్తుంది? కుందేలుని రెండు చేతుల్లోకి తీసుకుని ఒక్క క్షణం చెంపకి ఆనించుకుంది. పెట్టెలోంచి మసిమూతి దాన్ని తీసి వెచ్చటి బోనులో వదిలి, దీన్ని పెట్టెలో పెట్టింది.

"ఆ నల్లదాన్ని దాచి ఏం చేస్తావ్? పారెయ్," అంది ఆవిడ. "దాన్నెవరు కొంటారు?"

"ఎవరో ఒకరు కొంటారమ్మా. మీరు ఏసీ కాస్త తగ్గించండి."

"నువ్వు నాకు చెప్పేదానివా!"

ఆవిడ పెట్టె అందుకుని తలుపు దాకా వెళ్లి, ఏదో గుర్తొచ్చి ఆగింది. "అన్నట్టు, దీనికి పేరేమైనా పెట్టావా? రేపు తోడికోడలు ముందు పిలవాలి."

ఆకులవ్వ పెట్టెకున్న గాలి కన్నంలో వేలు పెట్టింది. లోపలి నుంచి తడి ముక్కు వేలికి తగిలింది.

"నేను పెట్టలేదమ్మా. పోయిన చలికాలం మీరు పెట్టిందే ఉంది."